వైరు లేని పనిముట్ల సెట్టుతో తోట బెంచీ: పనితీరు బాగుంది, బ్యాటరీలు చాలవు

తోటలో ముగ్గురు కూర్చునేలా ఒక టేకు బెంచీ సొంతంగా చేయాలని 18 వోల్టుల బ్యాటరీ పనిముట్ల సెట్టు తీసుకున్నాను. అందులో డ్రిల్లు, స్క్రూలు దింపే ఇంపాక్ట్ డ్రైవరు, 165 మిల్లీమీటర్ల బ్లేడున్న గుండ్రటి రంపం, చెక్కను రుద్ది నున్నగా చేసే సాండరు, 2 ఆంపియర్-అవర్ (నిలవ సామర్థ్యపు కొలత) బ్యాటరీలు రెండు, ఒక ఛార్జరు ఉన్నాయి. మొదటి కోత నుంచి చివరి స్క్రూ వరకు వీటితోనే పని చేశాను. పనిముట్లలో మూడు నాకు పూర్తి తృప్తినిచ్చాయి. వాటిని నడపవలసిన బ్యాటరీలే ఈ పనికి చిన్నవైపోయాయి.

అన్నిటికంటే కష్టమైన పని రంపానిదే. ఈ పరిమాణపు బ్లేడు నిటారుగా కోసినప్పుడు దాదాపు 55 మిల్లీమీటర్ల లోతుకే దిగుతుంది. నా బెంచీ కాళ్లు 70 మిల్లీమీటర్ల మందం గలవి కాబట్టి, ప్రతి కాలినీ ఒక పక్క కోసి, తిప్పి, ఎదుటి పక్క నుంచి మళ్లీ కోయవలసి వచ్చింది. మూలమట్టం పెట్టి గీతను నాలుగు పక్కలా చుట్టి తేకపోతే రెండు కోతలు కలిసే చోట మెట్టు పడుతుంది. మొదటి కాలికి అలాగే పడితే ఉలితో చెక్కి సరిచేశాను. మిగిలిన మూడూ చక్కగా వచ్చాయి. సెట్టుతో ఇచ్చిన 24 పళ్ల బ్లేడు చెక్కను పొడవునా చీల్చడానికి బాగుంది కాని, పట్టీలను అడ్డంగా కోస్తే అంచున పెచ్చులు లేస్తున్నాయి. ఈ రంపం పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి గనుక పెచ్చులు పైముఖానే లేస్తాయి. కంటికి కనబడవలసిన ముఖాన్ని కిందికి పెట్టి కోయడం మంచిది. 40 పళ్ల బ్లేడు వేశాక కోత మరింత నున్నగా వచ్చింది. బ్లేడు మార్చే ముందు బ్యాటరీని తప్పకుండా ఊడదీయాలి.

కాళ్లు, అడ్డకమ్మీలు కోయడం పూర్తయ్యేసరికి రెండు బ్యాటరీలూ అయిపోయాయి. 18 వోల్టుల, 2 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నిలవ ఉండేది 36 వాట్-అవర్ల శక్తి మాత్రమే. పైగా రంపంలో వేడెక్కిన బ్యాటరీని ఛార్జరులో పెడితే, అది చల్లారేదాకా ఛార్జింగ్ మొదలుకాదు. తరువాత 4 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి విడిగా కొన్నాను; బరువు కొంత పెరిగినా, అదే రంపం మందపు టేకులో కూడా వేగం తగ్గకుండా నడిచింది. కొనేవారు ఇంకొక సంగతి గమనించాలి: కొన్ని డబ్బాల మీద 20 వోల్టులు అని రాసి ఉన్నా, అవీ ఐదు సెల్లులను వరుసగా కలిపిన 18 వోల్టుల బ్యాటరీలే. పూర్తిగా ఛార్జైనప్పటి గరిష్ఠ వోల్టేజిని రాస్తారు, అంతే.

ఇంపాక్ట్ డ్రైవరును ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఇది తిప్పుతూనే లోపల సుత్తిలా కొట్టి స్క్రూను దింపుతుంది కాబట్టి మణికట్టు మీద భారం పడదు. అయితే ఆ బలానికి అడ్డు లేదు. బెజ్జం వేయకుండా ఒక పట్టీ చివర స్క్రూ దింపితే, చూస్తుండగానే చెక్క నార వెంట చీలిపోయింది. అప్పటి నుంచి 5 మిల్లీమీటర్ల స్క్రూకు డ్రిల్లుతో 3.5 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, స్క్రూ తల కూర్చునేందుకు పైన కాస్త వెడల్పు చేసి, ఆ తరువాతే డ్రైవరు పట్టాను. చివరి నాలుగైదు చుట్లు చేతి స్క్రూడ్రైవరుతోనే బిగించాను. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. మామూలు ఇనుపవైతే తడి తగిలి టేకు మీద నల్లటి మరకలు దిగుతాయి. కూర్చునే పట్టీల మధ్య వాన నీరు జారిపోవడానికి 8 మిల్లీమీటర్ల సందు వదిలాను. సందు అన్ని చోట్లా సమానంగా రావడానికి అంత మందం గల చెక్క ముక్కనే కొలతగా పెట్టుకున్నాను.

సాండరు విషయంలో మాత్రం నిరాశపడ్డాను. 80, 120, 180 నంబర్ల కాగితాలతో వరుసగా రుద్దినప్పుడు చెక్క నున్నగానే వచ్చింది, కాని ఆగకుండా తిరిగే యంత్రం కనుక చిన్న బ్యాటరీ పావుగంటకు మించి రాలేదు. దుమ్ము సంచి కూడా వదులుగా ఉండి రెండుసార్లు ఊడింది. టేకు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి మాస్కు, కళ్లద్దాలు లేకుండా దీన్ని వాడకూడదు. సాండరు లేకుండా, 4 ఆంపియర్-అవర్ బ్యాటరీలతో ఇదే సెట్టు దొరికితే అది తీసుకోండి. సాండరు మాత్రం వైరున్నది విడిగా కొనుక్కోండి.