మెమ్నాక్ ద డెవిల్: లెస్టాట్ అభిమానులు ఇంకా కొట్టుకుంటున్న నవల

అమెరికన్ రచయిత్రి ఆన్ రైస్ రాసిన వ్యాంపైర్ (రక్తం తాగి బతికే అమరుల) సిరీస్ చదివినవాళ్లని ఒకచోట కూర్చోబెడితే మొదటి మూడు పుస్తకాల దగ్గర పెద్దగా గొడవ ఉండదు, ఐదోదాని పేరు ఎత్తగానే మొదలవుతుంది. 1995లో వచ్చిన 'మెమ్నాక్ ద డెవిల్' అది. కొందరికి సిరీస్ మొత్తంలో అదే గొప్పది, కొందరు సగంలో పక్కన పడేసి మళ్లీ ముట్టుకోలేదు, ఇంకొందరైతే దాంతో రచయిత్రికే దండం పెట్టేశారు. "పర్లేదు, ఒకసారి చదవచ్చు" అనేవాళ్లు నాకు చాలా తక్కువ కనిపించారు. నేను మొదటి గుంపు మనిషిని. కానీ తిట్టేవాళ్లు చెప్పే కారణాల్లో కొన్ని నూటికి నూరుపాళ్లు నిజం, వాటిని దాచిపెట్టి ఈ పుస్తకం కొనిపిస్తే మీకు అన్యాయం చేసినట్టే. కథ చివరిదాకా మాట్లాడతాను, తెలియకుండా చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

కథ న్యూయార్క్‌లో, మంచు పడే చలికాలంలో మొదలవుతుంది. సిరీస్ హీరో, వ్యాంపైర్ అయిన లెస్టాట్ ఒక మనిషి వెంట పడి ఉంటాడు. పేరు రోజర్. మత్తుమందుల వ్యాపారి, హత్యలు చేయించినవాడు, అయినా పాత మత విగ్రహాలు, చిత్రాలు, చేతిరాత గ్రంథాలు అంటే పడి చచ్చేవాడు, ఇల్లంతా వాటితో నింపుకున్నవాడు. అతని కూతురు డోరా టీవీలో వాక్యం చెప్పే బోధకురాలు, తండ్రి డబ్బు ఎలా వచ్చిందో తెలుసు కాబట్టి ముట్టుకోదు. లెస్టాట్ రోజర్‌ని వేటాడుతుంటే లెస్టాట్‌ని ఇంకెవరో వేటాడుతుంటారు. అడుగుల చప్పుడు, తన గురించి ఎవరో మాట్లాడుకుంటున్న గొంతులు, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. రెండు శతాబ్దాలుగా దేనికీ బెదరనివాడు ఇక్కడ నిజంగా వణుకుతాడు. ఈ మొదటి భాగం బాగుందని తిట్టేవాళ్లలో కూడా చాలామంది ఒప్పుకుంటారు. గోతిక్ నవలకి కావలసిన చీకటి గదులు, రెక్కల నల్లరాతి విగ్రహం, లెస్టాట్ చంపిన రోజర్ దెయ్యమై బార్‌లో పక్కన కూర్చుని తాగుతూ తన కథ చెప్పడం, అన్నీ ఇక్కడే ఉన్నాయి.

ఆ రోజర్ కథ దగ్గరే మొదటి చీలిక. న్యూ ఆర్లియన్స్‌లో సెయింట్ చార్లెస్ అవెన్యూ మీద తల్లి నడిపే అద్దె గదుల ఇల్లు, అందులో దిగిన ఒక ముసలాయన ద్వారా పరిచయమైన పాత గ్రంథాలు, వాటిని రాసిన వింకెన్ డి వైల్డ్ అనే మతద్రోహి, ఆ పుస్తకాల మీద పిచ్చి, డబ్బు కోసం దారి తప్పడం, కూతురు. పేజీలకి పేజీలు ఒక చచ్చిపోయిన మనిషి తన జీవితం చెప్పుకుంటాడు. "వీడెవడు, వీడి గోల మనకెందుకు, లెస్టాట్ ఏడి" అని విసుక్కున్నవాళ్లున్నారు. నాకు మాత్రం పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది ఇదే. దుర్మార్గుడే, అందులో అనుమానం లేదు, కానీ కూతురి గురించి మాట్లాడేటప్పుడు మనకి అతని మీద జాలి కలుగుతుంది, అతన్ని చంపి ముక్కలు చేసి పారేసినవాడే ఎదురుగా కూర్చుని వింటున్నాడని గుర్తొచ్చి ఒళ్లు జలదరిస్తుంది. పైగా తర్వాత రాబోయే పెద్ద వాదనకి పునాది ఇదే: ఇంత చెడ్డవాడిలో కూడా ప్రేమ ఉంది కదా, మరి వీడి ఆత్మని ఏం చేయాలి? దీన్ని గబగబా తిరగేసి ముందుకెళ్లినవాళ్లకి రెండో సగం తలాతోకా లేనట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

తర్వాత మెమ్నాక్ వస్తాడు. సైతానే, కానీ ఆ పేరంటే అతనికి పడదు. లెస్టాట్‌కి ఒక బేరం పెడతాడు: నాతో వచ్చి అన్నీ చూడు, దేవుడినీ చూడు, నా కథ విను, ఆ తర్వాత నాకు సహాయంగా పని చేస్తావో లేదో తేల్చుకో. ఇక్కణ్ణుంచి పుస్తకం స్వర్గం, సృష్టి, పాతాళం, సిలువ, నరకం గుండా వెళ్తుంది, రక్తం తాగడాలు, వ్యాంపైర్ల మధ్య పగలు, ప్రేమలు అన్నీ పక్కకి పోతాయి.

పాఠకుల ఫిర్యాదుల్లో సగం ఇక్కడివే. మొదటి పుస్తకం మీద 1994లో వచ్చిన సినిమా చూసి, టామ్ క్రూజ్ లెస్టాట్‌ని మనసులో పెట్టుకుని పుస్తకాల్లోకి దిగినవాళ్లకి ఇది పెద్ద దెబ్బ. ఇప్పుడు 2022 నుంచి వస్తున్న టీవీ సిరీస్ చూసి వచ్చేవాళ్లకి కూడా అంతే. వాళ్లకి కావలసింది మొదటి పుస్తకంలో కథ చెప్పే వ్యాంపైర్ లూయీతో లెస్టాట్ గొడవలు. లూయీ ఇక్కడ దాదాపు లేడు. లెస్టాట్ కూడా, ఎప్పుడూ తనే ముందుకి దూకి ఏదో ఒకటి చేసేవాడు, ఇందులో చాలాసేపు వినడమే పనిగా పెట్టుకుంటాడు. "మా హీరోని శ్రోతని చేసేశారు" అనే మాట అందుకే వస్తుంది. నా అభిప్రాయం వేరే. లెస్టాట్ మొదటినుంచీ దేవుడు ఉన్నాడా, ఉంటే నాలాంటివాణ్ణి ఎందుకు ఉండనిచ్చాడు అని అడుగుతూనే ఉన్నాడు. 1985లో వచ్చిన రెండో పుస్తకంలో అతను చావు గురించి భయపడిపోయే రాత్రులు గుర్తు తెచ్చుకోండి. అడిగి అడిగి చివరికి జవాబు చెప్పేవాళ్లు దొరికితే కూర్చుని వినక ఏం చేస్తాడు? అలాంటివాడు నోరు మూసుకుని వింటున్నాడంటేనే విషయం ఎంత బరువైనదో తెలుస్తుంది.

మెమ్నాక్ వాదన చిన్నగా చెప్పాలంటే ఇది. దేవుడు ప్రకృతిని చేశాడు, అందులో చావూ నొప్పీ పెట్టాడు, ఒకటి ఇంకోదాన్ని తినేలా పెట్టాడు. మనుషులు ప్రేమించడం నేర్చుకున్నారు, చనిపోయినవాళ్ల కోసం ఏడవడం నేర్చుకున్నారు, అయినా దేవుడు వాళ్లని ప్రకృతిలో భాగంగానే చూశాడు. మెమ్నాక్ దీన్ని ఒప్పుకోలేకపోయాడు. మనిషి శరీరంతో కిందికి దిగాడు, ఒక స్త్రీని ప్రేమించాడు, శిక్ష పడింది, తర్వాత పాతాళంలో మగ్గుతున్న ఆత్మల్లోంచి యోగ్యమైనవాటిని వెతికి స్వర్గానికి తీసుకెళ్లాడు. చదువుతుంటే ఎవరు న్యాయం మాట్లాడుతున్నారో తెలియక తికమక పడతాం, రచయిత్రి కోరుకున్నది కూడా అదే.

అయితే ఈ భాగంలో సృష్టి మెట్లు ఒక్కొక్కటిగా వర్ణిస్తూ పోయే పేజీలు మాత్రం నిజంగా ఎక్కువైపోయాయి. అణువుల నుంచి మొక్కలు, మొక్కల నుంచి జంతువులు, ప్రతి మెట్టు దగ్గరా దేవదూతలు ఆశ్చర్యపోవడం, మళ్లీ వాదన, మళ్లీ ఆశ్చర్యం. మొదటి రెండు మెట్లకే పాయింట్ అర్థమైపోతుంది. ఇక్కడ ఒక గట్టి ఎడిటర్ కత్తెర వేసి ఉంటే ఈ పుస్తకాన్ని సగంలో వదిలేసినవాళ్లలో చాలామంది చివరిదాకా వచ్చేవాళ్లని నా నమ్మకం. (తొమ్మిదేళ్ల తర్వాత, 2004లో, సిరీస్‌లోని ఇంకో పుస్తకాన్ని పాఠకులు ఆన్‌లైన్ పుస్తకాల షాపులో చీల్చి చెండాడితే ఆన్ రైస్ స్వయంగా అక్కడే పెద్ద జవాబు రాసి, నా రచనని ఎడిటర్ల చేతిలో పెట్టే ఉద్దేశం నాకు లేదని తేల్చి చెప్పారు. ఆ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ సృష్టి పేజీలు చదివినప్పుడు ఆ గౌరవం కొంచెం తగ్గుతుంది.)

మతం సంగతి. ఈ నవలని దైవదూషణ అన్నవాళ్లున్నారు, భక్తి పుస్తకం అన్నవాళ్లూ ఉన్నారు, రెండూ ఒకే పుస్తకం గురించే. సిలువ మోస్తున్న క్రీస్తు దగ్గర లెస్టాట్ నిలబడి, ఆయన పిలిస్తే వెళ్లి ఆయన రక్తం తాగుతాడు. రాసి ఉన్నదే చెబుతున్నా. చర్చికి వెళ్లే ఇళ్లలో పెరిగిన మన తెలుగువాళ్లకి ఇది చదవడం అంత తేలిక కాదు, పుస్తకం మూసేయాలనిపిస్తే తప్పు పట్టను. కానీ ఒకటి గమనించండి. క్యాథలిక్ కుటుంబాల్లో తపస్సు కాలంలో సిలువ మార్గం చేసేటప్పుడు ఆరో స్థలం దగ్గర వెరోనికా ప్రభువు ముఖం తుడిచిన గుడ్డ గురించి ధ్యానిస్తారు కదా, ఆ గుడ్డే ఈ కథకి ఇరుసు. బైబిల్లో లేని, సంప్రదాయంలో మాత్రమే నిలిచిన ఆ చిన్న ఘట్టాన్ని పట్టుకుని, దాన్ని లెస్టాట్ చేతిలో పెట్టి, ఈ కాలం న్యూయార్క్‌లోకి తీసుకొచ్చి, దానివల్ల జనంలో ఏం జరుగుతుందో రచయిత్రి చూపించింది. వెక్కిరించడానికి రాసినవాళ్లు ఇంత శ్రద్ధగా రాయరు. ఆన్ రైస్ న్యూ ఆర్లియన్స్‌లో క్యాథలిక్ కుటుంబంలో పుట్టి, యవ్వనంలో మతం వదిలేసి, 1998లో మళ్లీ చర్చికి వెళ్లి, 2010లో మళ్లీ బయటికి వచ్చేసిన మనిషి. 1995 నాటి ఈ నవల ఆ తిరుగు ప్రయాణానికి మూడేళ్ల ముందుది. చదువుతుంటే ఆ ఊగిసలాట కనిపిస్తుంది.

ఇంకో విషయం కూడా ఉంది. 1972లో ఆమె కూతురు మిషెల్ ఆరేళ్లైనా నిండకుండా రక్త క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ తర్వాతే ఆమె మొదటి వ్యాంపైర్ నవల రాసింది, అందులో ఎప్పటికీ పెరగని చిన్నపిల్ల క్లాడియా ఉంది, అది 1976లో అచ్చయింది. ఇది తెలిశాక మెమ్నాక్ దేవుడి ముందు నిలబడి ఈ నొప్పి ఎందుకు, ఈ చావు ఎందుకు అని అడుగుతుంటే నాకు ఫాంటసీ నవల చదువుతున్నట్టు ఉండదు. ఒక తల్లి అడుగుతున్నట్టే ఉంటుంది. అందుకే "ఇంత ఉపన్యాసం ఎందుకు" అన్న మాటకి పూర్తిగా తల ఊపలేను.

డోరాతో ఉన్న ఒక సన్నివేశం గురించి చెప్పకుండా వదిలితే నిజాయితీ కాదు. చివర్లో లెస్టాట్ ఆమె నెలసరి రక్తం తాగుతాడు. చాలామంది పాఠకులకి పుస్తకం మీద విరక్తి పుట్టించింది ఇదే. క్రీస్తు రక్తానికీ దీనికీ ముడిపెట్టాలని రచయిత్రి చూసిందని అర్థమవుతుంది, కానీ డోరా వైపు నుంచి చూస్తే ఆ క్షణంలో ఆమె మనసులో ఏముందో సరిగ్గా రాయలేదు. అసలు డోరా పాత్రే పలుచన. తండ్రికి అంత నిండు జీవితం ఇచ్చి కూతురిని ఒక నమ్మకంగా, ఒక గొంతుగా మాత్రమే మిగల్చడం ఈ నవలలో నాకు మింగుడుపడని లోపం.

ముగింపు మాత్రం అద్భుతం. నరకంలో తను చంపినవాళ్లందరినీ చూసి తట్టుకోలేక లెస్టాట్ పారిపోతాడు, ఆ పెనుగులాటలో ఎడమ కన్ను పోతుంది. గుడ్డ డోరా చేతికి చేరుతుంది, ఆమె దాన్ని లోకానికి చూపిస్తుంది, జనం వెల్లువలా వచ్చి పడతారు, సిరీస్‌లోని ఇంకో పాత వ్యాంపైర్ ఆర్మాండ్ అది చూసి తట్టుకోలేక సూర్యుడి ఎండలోకి వెళ్లిపోతాడు. ఆ తర్వాత మెమ్నాక్ నుంచి ఒక ఉత్తరం, ఊడిపోయిన కన్నుతో సహా, లెస్టాట్‌కి థాంక్స్ చెబుతూ. అంటే ఇదంతా ముందే వేసిన పథకమా? చూపించింది నిజమా, నాటకమా? దేవుడు, సైతాను కలిసి ఆడిన ఆటా? రచయిత్రి చెప్పదు. "ఇంత చదివించి జవాబు ఇవ్వలేదు" అని కోపగించుకునేవాళ్లు చాలామంది. నాకు ఆ ఉత్తరం చదివాక అప్పటిదాకా మెమ్నాక్ చెప్పిన ప్రతి మాటనీ మళ్లీ వెనక్కి వెళ్లి చూడాలనిపించింది, చూశాను కూడా, రెండోసారి చదివినప్పుడు అతని వాదనలో ఎక్కడెక్కడ తీపి ఎక్కువైందో కనిపించింది. సుదీర్ఘంగా, ఓపిగ్గా, మన మనసు తెలిసి మాట్లాడే మోసగాడి పద్ధతి అదే కదా. బోర్ అన్న పేజీలకి కూడా ఇక్కడ కొంత అర్థం దొరుకుతుంది, అన్నిటికీ కాదు.

ఎవరు చదవాలి అంటే: సిరీస్‌లో ఇది మొదటి పుస్తకంగా అస్సలు వద్దు. మొదటి మూడు చదివి, వీలైతే 1992లో వచ్చిన నాలుగోది కూడా చదివి రండి, ఎందుకంటే లెస్టాట్ స్నేహితుడు డేవిడ్ టాల్బట్ ఎవరో, అతని మాటంటే లెస్టాట్‌కి ఎందుకంత లెక్కో అందులోనే ఉంది. వారపత్రికల క్షుద్ర సీరియల్స్‌లా ప్రతి చాప్టర్‌కీ ఒక టెన్షన్ కావాలనుకుంటే ఇది మీది కాదు, డబ్బు దండగ చేసుకోవద్దు. బైబిల్లో మంచివాడికి కష్టాలెందుకని అడిగే యోబు గ్రంథం చదివి ఆ ప్రశ్నలు బుర్రలో ఉండిపోయినవాళ్లకి, లేదా దేవుడితో మనసులో ఎప్పుడైనా గట్టిగా వాదించినవాళ్లకి మాత్రం తప్పకుండా ఇస్తాను. సృష్టి మెట్ల దగ్గర అలసిపోతే ఆ చాప్టర్లు వేగంగా తిరగేయండి, కానీ మెమ్నాక్ పాతాళంలోకి దిగేచోట మళ్లీ నెమ్మదించండి. ఆర్మాండ్‌కి ఏమైందన్న కోపంతో పుస్తకం మూసేసినవాళ్లు నేరుగా 1998లో వచ్చిన 'ద వ్యాంపైర్ ఆర్మాండ్' అందుకోండి, కథ అక్కణ్ణుంచే ఎత్తుకుంటుంది.