ఏపీ కాలిక్యులస్ బీసీ సమీక్ష: ఉంచాలా, ఏబీకి మారాలా, వదిలేయాలా?

ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అమెరికా హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సులు. అందులో కాలిక్యులస్‌కి ఏబీ, బీసీ అని రెండు కోర్సులున్నాయి. ముందే బీసీకి నా రేటింగ్ చెప్పేస్తాను. ఆల్జీబ్రా గట్టిగా ఉన్న విద్యార్థికి ఈ కోర్సు 5కి 4.5. ఆల్జీబ్రా వదులుగా ఉండి, తెలిసినవాళ్ల పిల్లలంతా తీసుకున్నారని చేరిన విద్యార్థికి 5కి 2. ఒకే కోర్సుకి ఇంత తేడా ఎందుకంటే, దీని కష్టమంతా వేగంలో ఉంది. పాఠాలు మరీ కొరకరాని కొయ్యలేం కావు. కాలేజీలో రెండు సెమిస్టర్లు చెప్పే కాలిక్యులస్‌ని హైస్కూల్లో ఆగస్టు నుంచి ఏప్రిల్ లోపు ముగించాలి, అంతే. ఏబీ అయితే అదే వ్యవధిలో ఒక సెమిస్టరు సరుకే చెబుతుంది.

కొన్నేళ్లుగా బీసీ పిల్లల టెస్టు కాగితాలు, హోంవర్కులు దగ్గరుండి చూస్తున్న అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది. అమెరికాలో పదకొండో, పన్నెండో గ్రేడు పిల్లలున్న తెలుగు ఇళ్లలో సెప్టెంబరు చివర మొదటి టెస్టు మార్కులు రాగానే "డ్రాప్ చేసేద్దామా" అన్న మాట మొదలవుతుంది. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం వరకే ఇందులో ఉంది.

కోర్సులో మొత్తం 10 యూనిట్లు. మొదటి 8 ఏబీలోనూ ఉంటాయి. పూర్తిగా బీసీకే చెందినవి తొమ్మిదో యూనిట్ (పారామెట్రిక్, పోలార్, వెక్టర్ ఫంక్షన్లు), పదో యూనిట్ (అనంత శ్రేణులు). ఇవి కాక మధ్యలో అక్కడక్కడా చేర్చినవి కొన్ని: ఆరో యూనిట్‌లో ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్, ఇంప్రాపర్ ఇంటిగ్రల్స్, ఏడులో ఆయిలర్ పద్ధతి, లాజిస్టిక్ సమీకరణం, ఎనిమిదిలో వక్రం పొడవు. పరీక్షలో తొమ్మిదో యూనిట్ వాటా 11 నుంచి 12 శాతం, పదోది 17 నుంచి 18 శాతం. ఆరో యూనిట్ ఒక్కదానికే 17 నుంచి 20 శాతం.

ఈ లెక్కల్లో నిర్ణయానికి పనికొచ్చే విషయం ఒకటుంది. అక్టోబరులో బీసీ పిల్లవాడు చదివేది, ఏబీ పిల్లవాడు చదివేది ఒకే పాఠం. చెయిన్ రూల్ రెండు చోట్లా చెయిన్ రూలే. బీసీలో రెండు మూడు రోజుల్లో ముగించి పరీక్ష పెడతారు, ఏబీలో వారం పైన సాగదీస్తారు. కాబట్టి అక్టోబరులో మీవాడు బీసీలో తడబడుతున్నాడంటే శ్రేణులు కష్టమని కాదు, అవి ఇంకా రానేలేదు. వేగం అందుకోలేకపోతున్నాడా, పునాదిలో లోపమా, చదవడం లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. మూడింటికీ మందు వేరు.

తేల్చుకునే పద్ధతి సులువే. రెండు యూనిట్ టెస్టుల కాగితాలు దగ్గర పెట్టుకుని, పోయిన ప్రతి మార్కు పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి. పద్ధతి సరిగ్గా ఉండి మధ్యలో భిన్నాలు, ఘాతాలు, లాగ్ సూత్రాలు, త్రికోణమితి విలువలు తప్పితే ఒక గుర్తు. అసలు ఏం చేయాలో తోచక వదిలేసినా, తప్పు దారి పట్టినా రెండోది. తెలిసి కూడా టైము చాలక వదిలేస్తే మూడోది. కొన్ని స్కూళ్లలో టెస్టు కాగితాలు ఇంటికివ్వరు. అప్పుడు విద్యార్థే ట్యుటోరియల్ గంటల్లో టీచరు గదికెళ్లి చూసుకుని రాసుకురావాలి. తల్లిదండ్రులు టీచరుకి ఈమెయిల్ పెట్టడం కంటే ఇది పది రెట్లు మేలు.

మొదటి గుర్తే ఎక్కువగా ఉంటే తొందరపడి మారొద్దు. కాలిక్యులస్ అర్థమవుతోంది, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్ తుప్పు పట్టాయంతే. రోజూ 20 నిమిషాలు కారణాంకాలు, భిన్నం మీద భిన్నం ఉన్న సమాసాలు, భిన్న ఘాతాలు, యూనిట్ సర్కిల్ విలువలు చేయిస్తే మూడు నాలుగు వారాల్లో తేడా కనబడుతుంది. రెండో గుర్తు ఎక్కువైతే ఏబీకి మారడం గురించి గట్టిగా ఆలోచించాలి, ముఖ్యంగా మూడో యూనిట్‌లోని ఇంప్లిసిట్ డిఫరెన్షియేషన్, నాలుగో యూనిట్‌లోని రిలేటెడ్ రేట్స్ దగ్గర. అక్కడ అర్థం కానిది ఆరో యూనిట్‌లో దానంతటదే సర్దుకోదు, వడ్డీతో తిరిగొస్తుంది. మూడో గుర్తు ఒక్కటే ఉంటే అది సాధన లోపం. హోంవర్కు చేయని పిల్లవాడిని ఏబీలో వేసినా అక్కడా చేయడు.

హోంవర్కు సమయం కూడా మంచి కొలబద్ద. పునాది ఉన్న పిల్లలకి రోజుకి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. వారాల తరబడి ప్రతి రాత్రీ రెండు గంటలు దాటుతూ, మార్కులు 75 దగ్గరే ఆగిపోయాయంటే మార్చడమే మంచిది, మరీ ముఖ్యంగా ఏపీ ఫిజిక్స్, ఏపీ కెమిస్ట్రీ కూడా అదే ఏడాది తలకెత్తుకుని ఉంటే.

ఇంటర్ ఎంపీసీ చదివిన అమ్మానాన్నలకి ఒక మాట. ఈ సిలబస్ చూడగానే "ఇదంతా మన 1బి, 2బి లెక్కలే కదా" అనిపిస్తుంది. సగం నిజమే. లిమిట్లు, డెరివేటివ్‌లు, ఇంటిగ్రేషన్‌లో మనం చేసినవి ఇంతకంటే కష్టమైనవి. ట్రిగ్ సబ్‌స్టిట్యూషన్ లాంటివి బీసీ పరీక్షలో అడగనే అడగరు. కానీ పదో యూనిట్‌లోని రేషియో టెస్టు, లిమిట్ కంపారిజన్ టెస్టు, టేలర్ శ్రేణి దోషానికి లగ్రాంజ్ హద్దు, ఇవి మన ఇంటర్ పుస్తకాల్లో లేవు. పైగా ఎంసెట్ షార్ట్‌కట్లు ఇక్కడ ఎదురుతన్నుతాయి. జవాబు కరెక్టే అయినా కారణం రాయకపోతే మార్కు రాదు. లోపిటాల్ సూత్రం వాడేముందు లవం, హారం రెండిటి లిమిట్లూ సున్నా అని విడివిడిగా రాయాలి. "సున్నా బై సున్నా"కి సమానం అని రాస్తే మార్కు పోతుంది. డెరివేటివ్ గుర్తుల చార్టు గీసి వదిలేస్తే అది సమర్థనగా చెల్లదు, వాక్యంలో చెప్పాలి. ఆ వాక్యంలో "అది పెరుగుతోంది" అని రాస్తే, ఏది పెరుగుతోందో చెప్పలేదని మార్కు ఇవ్వరు. డిఫరెన్షియల్ ఈక్వేషన్ ప్రశ్నలో చరరాశులని విడదీయకుండా మొదలుపెడితే ఆ భాగం మొత్తానికి సున్నా. స్థిరాంకం మరిచిపోతే చాలా మార్కులు గల్లంతు. ఇంకో విచిత్రం: ఫ్రీ రెస్పాన్స్‌లో (జవాబుని మెట్లతో సహా రాయాల్సిన భాగంలో) అంకెల జవాబుని సూక్ష్మీకరించక్కర్లేదు. మనవాళ్లు అలవాటు కొద్దీ చివరిదాకా సూక్ష్మీకరిస్తూ పోయి, ఆఖరి మెట్టులో తప్పు చేసి, అప్పటికే చేతికొచ్చిన మార్కుని పోగొట్టుకుంటారు.

పరీక్ష 3 గంటల 15 నిమిషాలు. 45 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 6 ఫ్రీ రెస్పాన్స్ ప్రశ్నలు, రెండు భాగాలకీ సమాన వాటా. ఫ్రీ రెస్పాన్స్‌లో ఒక్కో ప్రశ్నకి 9 మార్కులు, సగటున 15 నిమిషాలు. ఆరో ప్రశ్న మామూలుగా శ్రేణుల మీదే వస్తుంది. ఏపీ పరీక్షకి 1 నుంచి 5 దాకా స్కోరు ఇస్తారు, 5 రావడానికి 90 శాతం తెచ్చుకోనక్కర్లేదు. బయటపెట్టిన పాత పరీక్షల లెక్కలు చూస్తే మొత్తంలో మూడింట రెండొంతుల దరిదాపుల్లో వస్తే సరిపోయింది. క్లాసులో 82 తెచ్చుకుంటున్న పిల్ల పరీక్షలో 5 తెచ్చుకోవడం ఎంతో మామూలు. అందుకే క్లాసు గ్రేడు ఒక్కటే చూసి "దీనికి లెక్కలు రావు" అనేయడం తొందరపాటు.

2024లో బీసీ రాసినవాళ్లలో దాదాపు 48 శాతానికి 5 వచ్చింది, ఏబీలో 21 శాతం పైచిలుకుకే. దీన్నిబట్టి బీసీయే సులువని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన నమ్మకండి. లెక్కల్లో బలంగా ఉన్నవాళ్లే బీసీకి వెళతారు, తట్టుకోలేనివాళ్లు మే నెల పరీక్షకి ముందే జారుకుంటారు, మిగిలినవాళ్ల శాతం అది.

ఈ కోర్సులో నాకు బాగా నచ్చింది ఏబీ సబ్‌స్కోరు. బీసీ పరీక్ష రాస్తే, అందులోని ఏబీ భాగానికి విడిగా 1 నుంచి 5 వరకు ఇంకో స్కోరు ఇస్తారు. దాన్ని ఏబీ స్కోరుతో సమానంగా చూడమని కాలేజీలకి ఏపీ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు సిఫారసు చేస్తుంది. శ్రేణుల్లో దెబ్బతిని మొత్తం మీద 3 వచ్చినా, సబ్‌స్కోరు 4 లేదా 5 వచ్చే అవకాశం ఉంటుంది. అన్ని కాలేజీలూ దాన్ని లెక్కలోకి తీసుకోవు, వెబ్‌సైటులో చూసుకోవాలి. ఏబీ, బీసీ రెండు పరీక్షలూ ఒకే ఏడాది రాయనివ్వరు. బీసీ క్లాసులో కూర్చుని ఏబీ పరీక్ష రాయడం మాత్రం కుదురుతుంది. పదో యూనిట్ పూర్తిగా చేజారిందని మార్చిలో తెలిసినా, క్లాసు వదలకుండా ఏబీ పరీక్షకి మార్చగలరేమో స్కూలు ఏపీ కోఆర్డినేటర్‌ని అడగొచ్చు.

ఇక గ్రేడ్లు. చాలా స్కూలు డిస్ట్రిక్టుల్లో ఏబీకి, బీసీకి ఒకే ఏపీ వెయిటేజీ. అంటే బీసీలో బి తెచ్చుకునే పిల్లవాడు ఏబీలో ఎ తెచ్చుకుంటే జీపీఏ పెరుగుతుందే తప్ప తగ్గదు. టెక్సస్‌లో ఈ తేడా చాలా ముఖ్యం. యూటీ ఆస్టిన్ ఆటోమేటిక్ అడ్మిషన్ 2026 ఫాల్ నుంచి స్కూలు ర్యాంకులో టాప్ 5 శాతానికే, అంతకుముందు 6 శాతం ఉండేది. ఫ్రిస్కో, ప్లేనో లాంటి చోట్ల ర్యాంకుల తేడా దశాంశాల్లోనే తేలుతుంది. కాలిఫోర్నియాలో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) లెక్క వేరు: తొమ్మిదో గ్రేడు తర్వాతి వేసవి నుంచి పదకొండు తర్వాతి వేసవి దాకా వచ్చిన గ్రేడ్లనే జీపీఏకి తీసుకుంటారు, ఏపీ లాంటి కోర్సులకిచ్చే అదనపు పాయింట్లకి 8 సెమిస్టర్ల పరిమితి ఉంది. పదకొండులో బీసీ తీసుకుని సి తెచ్చుకుంటే అది అక్కడ నేరుగా పడుతుంది. పన్నెండులో అయితే జీపీఏలో పడదు గానీ, డి గానీ ఎఫ్ గానీ వస్తే ఇచ్చిన సీటే ప్రమాదంలో పడొచ్చు.

ఏబీకి మారడం వేరు, లెక్కల క్లాసే వదిలేయడం వేరు. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లే పిల్లలకి రెండోది దాదాపు ఎప్పుడూ వద్దంటాను. ట్రాన్స్‌క్రిప్టులో (కాలేజీలకి వెళ్లే గ్రేడ్ల రికార్డులో) ఏబీ అని ఉంటే ఎవరూ పట్టించుకోరు. పన్నెండో గ్రేడులో లెక్కలే లేవంటే మాత్రం కళ్లు పడతాయి. బయాలజీ, ఎకనామిక్స్, బిజినెస్ వైపు వెళ్లేవాళ్లకి ఏపీ స్టాటిస్టిక్స్ మంచి ప్రత్యామ్నాయమే. ఎంఐటీ లాంటి చోటుకి గురిపెట్టినవాళ్లయితే ఇంకో కోణం చూడాలి: బీసీలో 5 వస్తే అక్కడ మొదటి కాలిక్యులస్ కోర్సుకి క్రెడిట్ ఇస్తారు, ఏబీకి ఇవ్వరు.

మారాలనుకుంటే కౌన్సిలర్‌ని అడగాల్సినవి నాలుగు. లెవెల్ మార్పుకి ఆఖరు తేదీ ఎప్పుడు? ఇది మామూలు డ్రాప్ తేదీ కంటే ఆలస్యంగా ఉండే స్కూళ్లు ఉన్నాయి, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఇప్పటిదాకా వచ్చిన మార్కులు ఏబీకి ఉన్నవి ఉన్నట్టు వెళ్తాయా, కొంత కలుపుతారా, కొత్తగా మొదలవుతాయా? 71 ఉన్నది ఉన్నట్టు వెళితే ఆ సెమిస్టరులో ఎ ఆశ వదులుకోవాలి. ట్రాన్స్‌క్రిప్టు మీద డబ్ల్యూ (విత్‌డ్రా, అంటే మధ్యలో వదిలేసిన గుర్తు) పడుతుందా? ఏబీ ఏ పీరియడ్‌లో ఉంది? ఈ చివరిది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ఏబీ మూడో పీరియడ్‌లో ఉంటే ఇంగ్లిష్ టీచరు, ఒక్కోసారి ఆర్కెస్ట్రా క్లాసు కూడా మారిపోతాయి. ఏబీ సెక్షన్లు నిండిపోయి ఉంటే తేదీ మిగిలున్నా ఫలితం లేదు.

సమయం విషయానికొస్తే, రెండో యూనిట్ టెస్టు అయ్యాక, ఆఖరు తేదీకి వారం ముందు నిర్ణయం తీసుకోవడం సరైనది. మొదటి టెస్టు ఒక్కదాన్నే చూసి పరిగెత్తొద్దు, అందులో వేసవి మరుపు ఉంటుంది. సంక్రాంతి దాకా సాగదీయడం అంతకంటే పెద్ద తప్పు. అప్పటికి బీసీ క్లాసు ఆరో యూనిట్ దాటేసి ఉంటుంది, ఏబీ ఇంకా డెరివేటివ్ అప్లికేషన్ల దగ్గరో, ఇంటిగ్రేషన్ మొదట్లోనో ఉంటుంది. అప్పుడు మారిన పిల్లవాడు కొన్ని వారాలు విన్నదే వింటూ కూర్చుంటాడు, గ్రేడు మాత్రం పాతదే వెంటాడుతుంది.

సీనియర్లు (పన్నెండో గ్రేడు పిల్లలు) అప్లికేషన్లు పంపేశాక మారితే అప్లై చేసిన ప్రతి కాలేజీకీ చెప్పాలి. స్కూలు ఏడాది మధ్యలో కాలేజీలకి పంపే మిడ్‌ఇయర్ రిపోర్టులో ఎలాగూ తెలుస్తుంది, ముందే రెండు వాక్యాల్లో రాయడం మేలు: ఏ కోర్సు నుంచి ఏ కోర్సుకి, ఏ తేదీన. కుటుంబ సమస్యలు, సంజాయిషీలు అందులో కలపొద్దు.

పరీక్ష ఆర్డరు సంగతి విడిగా చూసుకోవాలి. షెడ్యూలు మార్చేది కౌన్సిలర్, పరీక్ష ఆర్డరు చూసేది ఏపీ కోఆర్డినేటర్. ఒకరికి చెబితే రెండోవాళ్లకి తెలుస్తుందని అనుకోవద్దు. 2025 మే పరీక్షలకి అమెరికాలో రుసుము 99 డాలర్లు ఉండేది. అప్పుడు నవంబరు 15 దాటాక రద్దు చేసుకుంటే 40 డాలర్లు పోయేవి, ఆలస్యంగా కొత్త పరీక్ష ఆర్డరు చేసినా అదనంగా అంతే పడేది. డ్రాప్ ఫారం మీద సంతకం పెట్టిన రోజే కోఆర్డినేటర్‌కి కూడా ఒక ఈమెయిల్ పంపి, జవాబు వచ్చేదాకా ఊరుకోకండి.