పిల్లి తిరిగే ఇంట్లో మోడల్ రైలు: విడి గది, ఎత్తు, మూత - ఏది మేలు?

మోడల్ రైళ్లలో ఎక్కువగా వాడే హెచ్.ఓ. స్కేలు అంటే అసలు వస్తువులో 87వ వంతు. ఆ కొలతలో మన రైళ్లలో వాడే ఎల్.హెచ్.బి. రకం ప్రయాణికుల పెట్టె ఒకటి సుమారు 27 సెంటీమీటర్ల పొడవుంటుంది. బరువు సాధారణంగా 200 గ్రాములకు మించదు. భుజం దగ్గర పాతిక సెంటీమీటర్ల ఎత్తు, నాలుగు కిలోల బరువు ఉన్న పెంపుడు పిల్లి ఆ పట్టాల మధ్యకు దిగిందంటే, ఆ బుల్లి ఊరి లెక్కలో దాదాపు 22 మీటర్ల ఎత్తున్న జంతువు వచ్చి స్టేషన్ మీద కూర్చున్నట్లే. నెలల తరబడి సాయంత్రాలన్నీ వెచ్చించి అతికించిన చెట్లు, కరెంటు స్తంభాలు, సిగ్నళ్లు ఒక్క నిమిషంలో ఒరిగిపోతాయి. అయినా ఆ పిల్లి ఇంటి మనిషితో సమానం. రెండింటిలో దేనినీ వదులుకోలేని ఇంటికి ఏ ఏర్పాటు మేలన్నదే ఇక్కడి విషయం. మా ఇంట్లో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ఎన్ గేజ్ (హెచ్.ఓ. కంటే చిన్న కొలత) లేఅవుట్ (పట్టాలు, బుల్లి ఊరు అమర్చిన బల్ల), ఆరేళ్ల ఆడపిల్లి ఉన్నాయి. కింద చెప్పబోయే వాటిలో చాలావరకు మేము వాడి చూసినవే.

పిల్లి ఎందుకు వస్తుందో తెలిస్తేనే ఏ అడ్డు పనిచేస్తుందో తెలుస్తుంది. నేలకు దగ్గరగా, ఒకే వేగంతో కదిలి పోయే చిన్న వస్తువు దాని కంటికి వేటే. మనిషి చెవికి 20 వేల హెర్ట్‌జ్ దాటితే వినబడదు, పిల్లికి 60 వేలకు పైన కూడా వినబడుతుంది. కాబట్టి మోటారు నుంచీ కంట్రోలరు నుంచీ వచ్చే, మన చెవికి అందని సన్నని కూత కూడా దానికి పిలుపే కావచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ వెచ్చగా ఉంటుంది. సొరంగం దాక్కోవడానికి అనువుగా ఉంటుంది. వీటన్నిటి కంటే ఇబ్బంది పెట్టేది, చాలామంది ముందుగా ఊహించనిది ఒకటుంది: అతికించకుండా వదులుగా పోసిన ఇసుక, సన్న కంకర పిల్లికి మలమూత్రాలకు వాడే తన లిట్టర్ ట్రేలాగే కనిపిస్తాయి. మూత్రంలోని యూరియా విడిపోయి అమోనియా పుడుతుంది. అమోనియా రాగి కలిసిన లోహాలను తినేస్తుంది. నికెల్ సిల్వర్ అని పిలిచే పట్టాల్లో ఎక్కువ భాగం రాగే. అందువల్ల కంకరను నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో గట్టిగా అతికించే వరకు లేఅవుట్‌ను తెరిచి ఉంచి గది వదిలి వెళ్లకూడదు.

ఏర్పాట్లను పోల్చేటప్పుడు రైలుకు పిల్లి వల్ల కలిగే నష్టాన్ని మాత్రమే లెక్కించడం సరికాదని నా అభిప్రాయం. వెంట్రుకలు ఇరుసులకు చుట్టుకుని, గేర్ల నూనెతో కలిసి ముద్దకట్టి ఇంజిన్‌ను ఆపేస్తాయి. చక్రాలు ఊడదీసి, పట్టకారుతో ఓపికగా లాగితే అది మళ్లీ నడుస్తుంది. పిల్లికి జరిగే హాని అలా సరిచేయగలిగింది కాదు. దాని నాలుక మీద లోపలి వైపుకు వంగిన ముళ్లు ఉంటాయి గనుక, నోట్లోకి వెళ్లిన దారాన్ని గానీ, చెట్లు కట్టే సన్నని తీగను గానీ అది ఉమ్మలేదు, మింగేస్తుంది. పెట్టెలను విడదీయడానికి వాడే చిన్న అయస్కాంతాలు రెండు కడుపులోకి వెళితే, పేగు మడతలకు అటూ ఇటూ ఉండి ఒకదాన్నొకటి లాక్కుని పేగును చిల్లు పరుస్తాయి. పట్టాల మీద ఉండే 12 నుంచి 16 వోల్టులు ప్రమాదకరం కావు. గోడ ప్లగ్గు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చే 230 వోల్టుల తీగను కొరికితే మాత్రం ప్రాణం పోవచ్చు. కాబట్టి ఏ ఏర్పాటైనా పిల్లి నుంచి రైలును, రైలు నుంచి పిల్లిని, రెండింటినీ కాపాడాలి. ఈ రెండో కొలతకే నేను ఎక్కువ బరువిస్తాను.

కొందరు ఏ అడ్డూ పెట్టకుండా వదిలేస్తారు. జపాన్‌లోని ఓసాకాలో డయోరమా (బుల్లి ఊరు, కొండల నమూనా) మధ్య రైళ్లు తిరిగే ఒక చిన్న భోజనశాల 2020లో, కోవిడ్ వేళ, వీధి పిల్లులను చేరదీసింది. అవి కొండల మీద పడుకుని రైళ్లను ఆపేయడం చూడటానికే జనం రావడం మొదలైంది. చూడటానికి ముచ్చటైన దృశ్యమే. కానీ అక్కడ పిల్లి పడగొట్టడమే ఆకర్షణ, చూసుకోవడానికి మనుషులు ఎప్పుడూ పక్కనే ఉంటారు. పగలంతా తాళం వేసి ఉండే ఇంటికి అది నమూనా కాదు.

వాసనలతో, టేపులతో భయపెట్టి దూరంగా ఉంచడం చవకైన దారి. మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేవి కలరా ఉండలు. వాటిని పిల్లి ఉన్న ఇంట్లో అసలు వాడకూడదు. నాఫ్తలీన్ దానికి విషం. నిమ్మ, నారింజ తొక్కల వాసన పిల్లులకు గిట్టదన్నది నిజమే, అయితే ఆ తొక్కల నుంచి తీసిన గాఢమైన నూనెలను వాటి కాలేయం సరిగా విచ్ఛిన్నం చేయలేదు గనుక నూనె చల్లడం హానికరం. నీళ్లు చిమ్మితే తీగల మీద, పాయింట్ల (రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే చోట్ల) మోటార్ల మీద పడతాయి. పైగా పిల్లి నేర్చుకునేది లేఅవుట్ దగ్గరకు పోకూడదని కాదు, మనం గదిలో ఉన్నప్పుడు పోకూడదని మాత్రమే. బల్ల అంచున రెండు వైపులా అంటుకునే టేపు వేయడం ఒక్కటే కొంత మేలు, ఎందుకంటే పాదాలకు జిగురు తగలడం దానికి నచ్చదు. హైదరాబాదు దుమ్ములో ఆ జిగురు కొద్ది రోజులకే పోతుంది. స్వల్పంగా షాక్ కొట్టే చాపలు కూడా అమ్ముతారు. నాలుగు కిలోల జీవిని నొప్పితో భయపెట్టి కాపాడుకోవలసినంత విలువైన రైలు ఏదీ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఎత్తులో పెట్టడం గురించి చాలామందికి ఉన్న నమ్మకం పిల్లి విషయంలో నిలవదు. పిల్లి తన ఎత్తుకు ఐదారు రెట్లు ఎగరగలదు, అంటే నాలుగైదు అడుగుల బల్ల దానికి ఒక్క దూకు. గది గోడల చుట్టూ ఏడడుగుల ఎత్తున పలక వేసి రైలు నడిపితే అందకపోవచ్చు గానీ, పక్కన బీరువా ఉంటే దాని మీదకు, అక్కడి నుంచి సజ్జ మీదకు, సజ్జ నుంచి పట్టాల మీదకు దానికి మెట్లు దొరికినట్లే. హెచ్.ఓ.లో సాధారణంగా దొరికే 18 అంగుళాల వ్యాసార్ధపు పట్టాల వంపుకు మూలల్లో వెడల్పైన పలక కావాలి; మన పొడవైన పెట్టెలు తిరగడానికి ఆ వంపూ చాలదు. కప్పీలు, తాళ్లతో లేఅవుట్ మొత్తాన్ని కప్పు దాకా లేపే పద్ధతికి మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ అడ్డు వస్తుంది; అద్దె ఇంట్లో శ్లాబుకు కొక్కేలు కొట్టడానికి యజమాని ఒప్పుకోవడం కష్టం. అంత ఎత్తు నుంచి పిల్లి ఇంజిన్‌ను తోస్తే అది బాగుకు పనికిరాదు, కింద పసిపిల్లలు ఆడుకుంటూ ఉంటే అది ఇంకా పెద్ద ప్రమాదం.

మిగిలినవి రెండు: విడి గది, మూత. నిజమైన పోటీ ఈ రెండింటి మధ్యే.

విడి గదికి తలుపు వేస్తే రెండు కొలతల్లోనూ పూర్తి రక్షణ దొరుకుతుంది. వెంట్రుకలు కూడా చాలా తగ్గుతాయి. గట్టి చెక్క తలుపు మూసేస్తే బయట కూర్చుని గంటల తరబడి గీరే పిల్లులున్నాయి. వాటికి దోమల తలుపు లాంటి జాలీ తలుపు మేలు. అది లోపలికి చూస్తూ కూర్చుంటుంది, గదికి గాలి ఆడుతుంది. నైలాన్ జాలీని గోళ్లతో చీల్చేస్తుంది గనుక స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ వేయించాలి. తలుపు మూసే ముందు బల్ల కింద, సొరంగాల్లో చూడటం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే కాళ్ల సందున దూరి వచ్చిన పిల్లి రాత్రంతా లోపలే చిక్కుబడితే జరిగే నష్టం తెరిచి ఉంచినప్పటి కంటే ఎక్కువ. అమెరికాలో బేస్‌మెంట్ ఉన్న మన తెలుగువాళ్లకు ఈ మార్గం సహజంగా అమరుతుంది, కానీ లిట్టర్ ట్రేను కూడా ఆ బేస్‌మెంట్‌లోనే పెట్టే ఇళ్లు ఎన్నో. లేఅవుట్ మొదలుపెట్టే ముందే ట్రేకు వేరే చోటు అలవాటు చేయాలి. అయితే రెండు పడకగదుల ఫ్లాటులో ఒక గదిని రైలుకు వదలడం ఎంతమందికి సాధ్యం? ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే పడుకునేది ఆ గదిలోనే.

అటువంటి ఇంటికి మూతే సరైనదని మా అనుభవం. లేఅవుట్ చుట్టూ, అందులోని ఎత్తైన కొండ కంటే రెండంగుళాలు ఎక్కువ ఎత్తున్న చెక్క చట్రం కట్టి, పైన ఐదు మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు పెట్టాలి. నాలుగడుగులకు రెండడుగుల షీటు సుమారు నాలుగున్నర కిలోలు ఉంటుంది, ఒక మనిషి ఎత్తి పక్కన పెట్టగలడు. అదే కొలత గాజు తొమ్మిది కిలోలు దాటుతుంది, పగిలితే అందరికీ ప్రమాదం. మూడు మిల్లీమీటర్ల షీటు చవక, కానీ పిల్లి తప్పకుండా పైకెక్కి కూర్చుంటుంది, దాని బరువుకు మధ్యలో కుంగుతుంది. షీటును రెండు ముక్కలుగా చేయించి, మధ్యలో సన్నని చెక్క పట్టీ ఆధారంగా ఇస్తే పట్టాలు తప్పిన పెట్టెను సరిచేయడానికి ఒక సగం తీస్తే చాలు. చట్రం పక్కల్లో గాలి రంధ్రాలు ఉంచాలి; లేకపోతే విశాఖ వంటి తీర ప్రాంతాల్లో లోపల చెమ్మ నిలుస్తుంది, ఎండ పడే కిటికీ దగ్గరైతే లోపల వేడెక్కి ప్లాస్టిక్ వంకరపోతుంది. రంధ్రాలు పిల్లి పంజా దూరనంత చిన్నవిగా ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను, గోడ తీగను కూడా చట్రం కింద మూసిన పెట్టెలోకి చేర్చి, ఆ పెట్టెకు కూడా రంధ్రాలు పెడితే రెండో కొలత కూడా నెరవేరుతుంది.

మూతకూ లోపాలున్నాయి. అక్రిలిక్ మీద పుట్టే స్థిర విద్యుత్తు దుమ్మును, వెంట్రుకలను లాగి పట్టుకుంటుంది. అద్దాలు తుడిచే అమోనియా ద్రావకంతో గానీ, పట్టాలు తుడిచే ఆల్కహాలుతో గానీ శుభ్రం చేస్తే సన్నని పగుళ్లు వస్తాయి, తడి మెత్తని గుడ్డతోనే తుడవాలి. పని మధ్యలో మూత తీసి లేచి వెళ్లామంటే రక్షణ లేనట్లే. మా ఇంట్లో ఒక సిగ్నల్ స్తంభం విరిగింది అలాగే, ఫోను మోగి నేను లేచి వెళ్లిన సమయంలోనే. నాలుగడుగులకు ఎనిమిదడుగుల పూర్తి ప్లైవుడ్ షీటు మీద కట్టిన పెద్ద లేఅవుట్‌కు మూత బరువు పద్దెనిమిది కిలోలకు దగ్గరవుతుంది కాబట్టి, అక్కడ మళ్లీ విడి గదే మేలు.

ఏది ఎంచుకున్నా, లేఅవుట్ కంటే ఎత్తైన, మెత్తని చోటు ఒకటి కిటికీ పక్కన పిల్లికి ఇవ్వాలి. రైలు నడపడానికి ముందు పది నిమిషాలు దానితో తాడాట ఆడి, తర్వాత తిండి పెడితే, అది వేట ముగించిన పిల్లిలాగే ఒళ్లు నాక్కుని పడుకుంటుంది. తాడును మాత్రం ఆట కాగానే లోపల దాచాలి. ఏడాది నిండని పిల్లిపిల్ల ఉన్న ఇల్లైతే శాశ్వతమైన లేఅవుట్ జోలికి పోకుండా, ప్లాస్టిక్ కంకర దిమ్మెతో కలిపి వచ్చే పట్టాలను నేల మీద బిగించి, నడిపి, మళ్లీ పెట్టెలో సర్దుకోవడం ఉత్తమం.

కుక్క ఉన్న ఇంటికి లెక్క మారుతుంది. అది ఎగరడం కంటే కొరకడం, తోక ఊపడం వల్ల నష్టం ఎక్కువ చేస్తుంది గనుక, పిల్లికి పనికిరాని ఎత్తు ఇక్కడ బాగా పనిచేస్తుంది: లాబ్రడార్ తోకకు అందని నాలుగడుగుల బల్ల, కింద వేలాడని తీగలు, నేల మీద రాలిన మేకులు, అయస్కాంతాలు వెంటనే ఏరేయడం చాలు. పళ్లొచ్చే వయసులోని కుక్కపిల్లకు మాత్రం, అంటే మూడు నుంచి ఏడు నెలల వరకు, ఆ గదిలోకి ప్రవేశమే ఉండకూడదు.