బొగ్గా, ఎండా, గాలా: ఏ పూటకు ఏది మేలు?

కరెంటు మాట వస్తే చాలు, రెండు వాదాలు తయారుగా ఉంటాయి. సోలార్ యూనిట్ రెండున్నరకే దొరుకుతుంటే ఇంకా బొగ్గెందుకని ఒకరు, పొద్దుగూకాక ఆ ప్యానెళ్లు దేనికి పనికొస్తాయని ఇంకొకరు. ఇద్దరూ చెప్పేది నిజమే, కానీ సగమే. ఆ యూనిట్ మనకు ఏ పూట కావాలో అడగకుండా ధర ఒక్కటే పట్టుకుంటే లెక్క తేలదు.

ముందు మెగావాట్ల మాయ తీసేద్దాం. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 2017లో పూర్తయిన సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు, పట్టిన భూమి దాదాపు 6,000 ఎకరాలు. అలాంటి పార్కు సామర్థ్యంలో 24 శాతం అందుకుంటే ఏడాదికి వచ్చేది 210 కోట్ల యూనిట్లు. అంతే సామర్థ్యమున్న, బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రం 70 శాతం లోడుతో నడిస్తే 600 కోట్లు దాటిస్తుంది. బొగ్గు కేంద్రాలు ఎన్ని మెగావాట్లు మూసేస్తే సోలార్ అన్నే మెగావాట్లు పెడితే సరిపోదు, దాదాపు మూడింతలు పెట్టాలి.

అయినా పగటిపూట వరకు నా ఓటు ఎండకే. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో సోలార్ యూనిట్ 1 రూపాయి 99 పైసలకు పడిపోయింది. 2025లో మధ్యప్రదేశ్, బీహార్‌లలో కొత్త థర్మల్ కేంద్రాలకు ఖరారైన ధరలు ఆరు రూపాయల దరిదాపుల్లో ఉన్నాయి. పైగా థర్మల్ ఒప్పందంలో మనం కరెంటు తీసుకోకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ కట్టాల్సిందే. బొగ్గు ధర, రైలు కిరాయి పెరిగితే ఆ భారమూ మన బిల్లులోకే వస్తుంది.

మన రెండు రాష్ట్రాలకు ఇక్కడ ఒక తురుపు ముక్క ఉంది: వ్యవసాయ మోటార్లు. ఒకప్పుడు రాత్రి రెండింటికి కరెంటొస్తే రైతు టార్చిలైటు పట్టుకుని, పాములకు భయపడుతూ బోరు దగ్గరికి పోయేవాడు. ఆంధ్రలో తొమ్మిది గంటల కరెంటును పగటికి మార్చడంతో ఆ బాధ చాలావరకు తప్పింది. ఇంకో లాభం కూడా ఉంది: మధ్యాహ్నం ఎండలో పుట్టిన కరెంటు అప్పటికప్పుడే మడిలోకి నీళ్లై పారుతుంది, నిల్వ ఖర్చు లేదు. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటలూ ఉచితం. ఉచితం మీద నాకు పేచీ లేదు. కానీ అర్ధరాత్రి ఆటో స్టార్టర్‌తో తిరిగే మోటారు బొగ్గు మీద తిరుగుతుంది.

అసలు చిక్కు సాయంత్రం ఆరు నుంచి పది వరకు. ఇళ్లలో లైట్లు, ఏసీలు ఒక్కసారిగా పడతాయి, అదే సమయానికి సోలార్ సున్నాకి చేరుతుంది. థర్మల్ యూనిట్‌ను మధ్యాహ్నం ఆపి ఏడింటికి వెలిగించడం కుదరదు. చల్లారిన బాయిలర్ మళ్లీ దారికి రావడానికి చాలా గంటలు పడుతుంది. అందుకే ఎండ దండిగా ఉన్న వేళ కూడా దాన్ని సగం మంట మీద కాస్తూ కూర్చోవాలి.

దీనికి విరుగుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో కంపెనీ కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీలో కనబడుతుంది. పగలు మిగిలిన కరెంటుతో కింది జలాశయం నీళ్లను పైదానిలోకి తోడి, సాయంత్రం టర్బైన్ల మీదుగా వదులుతారు. తోడి వదిలే క్రమంలో దాదాపు అయిదో వంతు కరెంటు పోతుంది, అది ఒప్పుకోవాల్సిన నష్టం. 2024 డిసెంబరు వేలంలో కొన్ని గంటల నిల్వతో కలిపి సోలార్ ధర 3 రూపాయల 52 పైసలు పలికింది. అంటే సాయంత్రం పోటీలో కూడా కొత్త బొగ్గు వెనకబడుతోంది. తెల్లవార్లూ నడపాలంటే మాత్రం ఆ కొన్ని గంటల నిల్వ ఏ మూలకూ రాదు.

గాలిమరలను ఈ చర్చలో తక్కువ చేసి చూస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు పట్టి సోలార్ మందగించినప్పుడే అనంతపురం కొండల మీద గాలి ఊపందుకుంటుంది, అదీ చీకటి పడ్డాక కూడా. రాయలసీమ గాలికి యూనిట్‌కు కొంత ఎక్కువ ఇచ్చినా దండగ కాదు. ఆంధ్రలో పాత గాలి ఒప్పందాల 4 రూపాయల 84 పైసలను ప్రభుత్వం 2019లో సగానికి కోయాలని చూసి, 2022లో హైకోర్టులో ఎదురుదెబ్బ తిన్న గొడవ వల్ల గాలి కరెంటంటేనే ఖరీదన్న పేరు మిగిలిపోయింది.

బొగ్గుంటే భరోసా అనేవాళ్లు 2021 అక్టోబరు గుర్తుచేసుకోవాలి. దేశమంతటా బొగ్గు నిల్వలు అడుగంటాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు.

ఉన్న థర్మల్ కేంద్రాలను రాత్రి అవసరానికి నడుపుకుందాం, కొత్తవి వద్దు, ఇదీ నా తీర్పు. 1971 నాటి రామగుండం 62.5 మెగావాట్ల యూనిట్‌ను 2024లో మూసేశారు. ముసలి యూనిట్ల దారి అదే.

నాకు తేలనిది బతుకుతెరువు సంగతి. బూడిద చెరువు పక్కన కాపురం ఉండేవాళ్లకు ఎండాకాలం గాలి లేస్తే ఆరేసిన బట్టల మీద కూడా బూడిదే. అయినా వాళ్లలో చాలామందికి కూడు పెట్టేది ఆ కేంద్రమే, ఆ గనే. సోలార్ పార్కు కట్టేటప్పుడు వందలమందికి పని దొరుకుతుంది, కట్టాక ప్యానెళ్లు కడిగేవాళ్లు, కాపలావాళ్లు మిగులుతారు. తెలుగు బాగా వినిపించే కర్ణాటక పావగడలో రైతుల భూమి కొనకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో సోలార్ పార్కు మొదలుపెట్టారు. భూమి ఉన్న రైతుకు అది కరువును దాటించే ఆదాయం. ఆ పొలాల్లో కూలికి పోయినవాళ్లకు కౌలూ లేదు, కూలీ లేదు. సింగరేణి కూడా సొంతంగా సోలార్ ప్లాంట్లు పెట్టింది కానీ, గోదావరిఖనిలో నాన్న ఉద్యోగం కోసం ఎదురుచూసే కుర్రాడికి వాటిలో చోటెంతో ముందు చెప్పాలి.