ఫ్రీబీఎస్‌డీతో నాలుగేళ్లు: వెనక్కి వెళ్లే దారిని నేనే మూసుకున్న సంగతి

2021 వేసవిలో నా డెస్క్‌టాప్‌లో లినక్స్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ 13.0 ఎక్కించింది ఒకే ఒక్క సౌకర్యం కోసం: బూట్ ఎన్విరాన్‌మెంట్. అప్‌గ్రేడ్‌కు ముందు సిస్టమ్ మొత్తానికీ ఒక పేరు పెట్టి నకలు తీసిపెట్టుకోవచ్చు. పని బెడిసికొడితే బూట్ మెనూలో ఆ పేరు ఎంచుకుని నిన్నటి సిస్టమ్‌లోకి వెళ్లిపోవచ్చు. డిస్కులో ఫైళ్లను సర్దిపెట్టే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పుణ్యమా అని ఆ నకలు క్షణంలో తయారవుతుంది, మొదట్లో దాదాపు చోటే తీసుకోదు. నేను ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసుకునే మనిషిని. సాయంత్రానికి ఫైలు పంపుతానంటే పంపాల్సిందే. కాబట్టి నాకు ఇంతకంటే పెద్ద వరం కనిపించలేదు.

2022లో 13.1 వచ్చినప్పుడు దాని విలువ తెలిసింది. అప్‌గ్రేడ్ చేసి రీబూట్ చేస్తే, గ్రాఫిక్స్ డ్రైవర్ లోడయ్యే చోట తెర నల్లబడి అలాగే ఉండిపోయింది. అప్పటికి ప్యాకేజీలన్నీ, అంటే ముందే కంపైల్ చేసి ఇచ్చే ప్రోగ్రాములన్నీ, ఇంకా 13.0 మీద తయారైనవే. మామూలు ప్రోగ్రాములకు ఆ తేడా పట్టదు గానీ, సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌లో దూరి పనిచేసే ఈ డ్రైవర్ లాంటి మాడ్యూల్‌కు పడుతుంది. పాత వెర్షన్‌కు మద్దతు ఆగేదాకా, అంటే సుమారు మూడు నెలలు, ఇదే బెడద. పోర్ట్స్ అనే సేకరణ నుంచి ఆ మాడ్యూల్‌ను సొంతంగా కంపైల్ చేసుకోవచ్చు. నాకంత ఓపిక లేదు. మెనూలో పాత పేరు ఎంచుకున్నాను, కాఫీ చల్లారేలోపు 13.0లో పని మొదలుపెట్టాను. ఆ వారం నాకు ఎదురుపడిన వాళ్లెవరూ ఈ కథ వినకుండా తప్పించుకోలేదు. (2024 చివర్లో, 14.2తో పాటు కెర్నల్ మాడ్యూళ్లకు వేరే భాండాగారం పెట్టాక ఈ చిక్కు చాలావరకు తగ్గింది.)

అప్పుడు చెప్పినదాంట్లో కొంత సవరించుకోవాలి. ‘సిస్టమ్ మొత్తం’ అనడం సరికాదు. హోమ్ డైరెక్టరీ, లాగ్ ఫైళ్లు ఈ నకలులోకి రావు, అది మంచిదే. కానీ మామూలు ఇన్‌స్టలేషన్‌లో ‘వార్’ కింది ‘డీబీ’ డైరెక్టరీ వస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో దాచుకున్న నా పదకోశం ఉండేది సరిగ్గా అక్కడే. ఒకసారి ప్యాకేజీలు మార్చాక బ్రౌజర్ మాటిమాటికీ కూలిపోతుంటే నాలుగు రోజుల వెనక్కి వెళ్లాను. ఆ నాలుగు రోజుల్లో చేర్చిన పదాలూ మాయం! వదిలివచ్చిన ఎన్విరాన్‌మెంట్‌ను మౌంట్ చేసి, అంటే దాని ఫైళ్లు కనిపించేలా తగిలించి, తిరిగి తెచ్చుకున్నాను గానీ, వెతికిన ఆ గంటసేపు చెమటలు పట్టాయి. ఇప్పుడు దానికి విడిగా ఒక డేటాసెట్, అంటే ఈ నకలులోకి రాని వేరే అర, పెట్టాను.

అసలు దెబ్బ 2024 మొదట్లో తగిలింది. 13.2 నుంచి 14.0కి అప్‌గ్రేడ్ చక్కగా జరిగింది. రెండు వారాలు ఏ ఇబ్బందీ లేదు. కానీ డిస్కుల క్షేమం కనుక్కుందామని జెడ్‌పూల్ స్టేటస్ అనే కమాండ్ కొట్టినప్పుడల్లా, కొన్ని కొత్త ఫీచర్లు ఈ పూల్‌లో (జెడ్‌ఎఫ్‌ఎస్ చూసుకునే డిస్కుల సముదాయంలో) ఇంకా ఆన్ కాలేదనీ, జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ చేస్తే అవుతాయనీ ఒక సందేశం. చేశాక ఆ ఫీచర్లు తెలియని సాఫ్ట్‌వేర్‌కు పూల్ అందకపోవచ్చన్న హెచ్చరిక కూడా దాని పక్కనే ఉంటుంది. రోజూ చూసే గోడమీది ప్రకటనను ఎవరు చదువుతారు? ఒక రాత్రి విసుగొచ్చి ఆ అప్‌గ్రేడ్ కమాండ్ కొట్టేశాను. బూట్ కోడ్, అంటే యంత్రం ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాం, మార్చాల్సి రావచ్చని అది ఇంకో ముక్క చెప్పింది. అదీ చదవలేదు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. తెర మీద ‘అన్‌సపోర్టెడ్ ఫీచర్’ అనీ, పక్కనే వీడెవ్ జ్యాప్స్ వీ2 అని ఆ ఫీచరు పేరూ, ఆ తర్వాత లోడర్ (ఆ బూట్ కోడే) స్క్రిప్టు తెరవలేకపోయాననీ వచ్చింది. అన్నిటి కిందా ‘ఓకే’ అనే ప్రాంప్ట్. ఏమి ఓకే!

బూట్ ఎన్విరాన్‌మెంట్ల మెనూ ఉంది కదా అనుకున్నాను. ఆ మెనూ ఉండేది కూడా పూల్ లోపలే. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట చూసే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉన్న లోడర్ 2021లో పెట్టినది, దాన్ని ఫ్రీబీఎస్‌డీ అప్‌డేట్ కమాండ్ ముట్టుకోదు. కొత్త ఫీచరుతో మారిన పూల్‌ను ఆ పాత లోడర్ చదవలేదు. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టయింది.

మేనల్లుడి దగ్గర ఒక ల్యాప్‌టాప్, ఒక పెన్‌డ్రైవ్ దొరికాయి. 14.0 ఇమేజ్ రాస్తే అందులోని సినిమాలన్నీ చెరిగిపోతాయని చెబితే, “మామయ్యా, మీరు మామూలు కంప్యూటర్ ఎందుకు కొనుక్కోరు?” అని మొహం మాడ్చుకుంటూనే ఇచ్చాడు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఈఎఫ్ఐ పార్టిషన్‌ను మౌంట్ చేసి, కొత్త లోడర్‌ను పాతదాని స్థానంలో, అది ఉండే రెండు చోట్లా కాపీ చేశాను. ఒక ఎంబీ కూడా లేని ఫైలు. చేసిన పని ఐదు నిమిషాలు, అదేనని తెలుసుకోవడానికి ఫోన్‌లో చదివింది మూడు గంటలు. ఆ రోజు ఫైలు మాత్రం వెళ్లలేదు.

యంత్రం లేచింది. మెనూలో 13.2 పేరు ఇంకా కనిపిస్తోంది, ఎంచుకుంటే మాత్రం లాభం లేదు. ఆ కెర్నల్‌కూ కొత్త ఫీచరు తెలియదు, రూట్ (సిస్టమ్ ఫైళ్లుండే చోటు) మౌంట్ చేయలేక ఆగిపోతుంది. జెడ్‌పూల్ అప్‌గ్రేడ్‌కు తిరుగుదారి లేదు. వెనక్కి వెళ్లగలగడం కోసమే ఈ సిస్టమ్‌కు వచ్చినవాడిని, తెలిసీ తెలియక ఒక్క కమాండ్‌తో ఆ దారి మూసేశాను. అందుకు తెచ్చుకున్న ఫీచర్లలో నాకు పనికొచ్చింది ఒక్కటీ లేదు.

ఇప్పుడు 14.3లో ఉన్నాను. ప్రతి అప్‌గ్రేడ్ తర్వాత ముందు లోడర్‌ను చేత్తో మార్చుకుంటున్నాను, పూల్ జోలికి పోవడం లేదు. మిగతా విషయాల్లో స్థిరత్వానికి వంక పెట్టలేను, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు టైపింగ్ సహా. అయితే నాది తీగతో నెట్ వచ్చే డెస్క్‌టాప్. పైగా డెడ్‌లైన్ తప్పినా ఓర్చుకునే పాత క్లయింట్లు. ల్యాప్‌టాప్, వైఫై కావాలనేవాళ్లు నా మాట పట్టుకుని దిగకండి.

ఆ పెన్‌డ్రైవ్ ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. మేనల్లుడు రెండుసార్లు అడిగాడు.