చిన్నవి కాబట్టే భయపెడతాయి: ఇండీ హారర్ గేమ్‌లతో కొన్నేళ్లు

చిన్న హారర్ గేమ్‌లంటే నాకు ప్రాణం. పెద్ద కంపెనీ లేకుండా ఒక్కరో, నలుగురో కూర్చుని చేసినవి (ఇండీ అంటే ఇవే), గంట నుంచి మూడు గంటల లోపు అయిపోయేవి. కొన్నేళ్లుగా నేను ఎక్కువగా ఆడుతున్నవి ఇవే. నా దగ్గరున్నది గ్రాఫిక్స్ కార్డు లేని పాత లాప్‌టాప్, ఒక మంచి హెడ్‌ఫోన్. కర్నూలు ఎండలకు మిద్దె మీద గదిలో పగలు కూర్చోలేం కాబట్టి ఆట ఎప్పుడూ రాత్రి అన్నాలయ్యాకే.

వందల కోట్లు పెట్టి తీసిన పెద్ద హారర్ గేమ్‌లు కూడా ఆడాను. బాగుంటాయి, కాదనను. కానీ ఇరవై గంటల గేమ్‌లో ఆ దయ్యం ఎప్పుడొస్తుందో, ఎంత దూరం నుంచి మనల్ని చూస్తుందో, ఏ బీరువాలో దూరితే వదిలేస్తుందో ఐదో గంటకల్లా తెలిసిపోతుంది. ఆ తర్వాత మిగిలేది లెక్కే, భయం కాదు. చిన్న గేమ్ ఆ లెక్క మనకు దొరికేలోపే ముగిసిపోతుంది.

డేవిడ్ షిమాన్‌స్కీ చేసిన ఐరన్ లంగ్ (2022) సంగతే చూడండి. ఎక్కడో చంద్రుడి లాంటి ఒక ఉపగ్రహం మీద రక్తపు సముద్రం. మనం ఖైదీలం. తుప్పు పట్టిన చిన్న సబ్‌మెరైన్‌లో పెట్టి అందులోకి దింపుతారు. ఒత్తిడికి ఆగదని కిటికీ మూసేసి ఉంటుంది. ఒక మ్యాపు, మనం ఎక్కడున్నామో చెప్పే రెండు అంకెలు, ఎటు తిరిగామో చెప్పే ఇంకో అంకె. వీటితోనే నడపాలి. రాయి దగ్గరపడితే బీప్‌మంటుంది. బయట ఏముందో చూడాలంటే నడిపే చోటు వదిలేసి, వెనక్కి నాలుగడుగులు వేసి కెమెరా బటన్ నొక్కాలి. మసక ఫోటో ఒకటి తెర మీదకు వస్తుంది. రాళ్లు. ఇంకో ఫోటో, మళ్లీ రాళ్లే. కాసేపటికి ఒక ఫోటోలో రాయి కానిదేదో కనిపిస్తుంది.

మా చిన్నాన్న కొడుకు పక్కన కూర్చుని చూస్తున్నాడు. "అన్నా, ఫోటో తీయొద్దులే, ఊరికే ముందుకు పోదాం" అన్నాడు. తీయకుండా పోవడం కుదరదు, మనల్ని పంపిందే అందుకు. చూడాలనీ ఉంటుంది, చూడకూడదనీ ఉంటుంది. ఆ నాలుగడుగుల దూరంలో పడే టెన్షన్ నాకు ఇంత కాలంలో ఏ పెద్ద గేమ్‌లోనూ దొరకలేదు. అంతా కలిపి గంట, గంటన్నర. ఒక్క గది, కొన్ని బటన్లు, శబ్దం.

కొటాకే క్రియేట్ అనే డెవలపర్ చేసిన ది ఎగ్జిట్ 8 (2023) అయితే ఇంకా సులువు. జపాన్ మెట్రో స్టేషన్‌లో తెల్ల టైల్స్ వేసిన ఒకే దారి మళ్లీ మళ్లీ వస్తుంది. ఏదైనా తేడా కనిపిస్తే వెనక్కి తిరగాలి, అంతా మామూలుగా ఉంటే ముందుకు పోవాలి. పొరబడితే మళ్లీ సున్నా నుంచి. ఇందులో భయం కంటే అనుమానం ఎక్కువ. ఎదురుగా నడిచొచ్చే మనిషి ఇందాక ఇలాగే ఉన్నాడా? ఈ పోస్టర్ ఇంతే పెద్దదా? ఇది ఆడిన కొత్తలో మా బస్టాండులో నిలబడి బోర్డులు, ట్యూబ్‌లైట్లు పట్టి పట్టి చూసేవాణ్ణి.

కిట్టీ హారర్‌షో చేసిన అనాటమీ (2016) గురించి ఎక్కువ చెప్పకూడదు. ఖాళీ ఇల్లు, చీకటి, అక్కడక్కడా క్యాసెట్లు. గేమ్ దానంతట అదే మూసుకుపోతుంది. పాడైందనుకోకండి, మళ్లీ తెరవండి.

బొమ్మ నాణ్యత గురించి చాలామంది అడుగుతారు. వీటిలో చాలావాటికి పాత ప్లేస్టేషన్ 1 పోలిక కావాలనే తెస్తారు. ఆ గేమ్ మెషీన్ బొమ్మల మూలలు తెర మీద ఎక్కడ పడాలో చెప్పే అంకెలను పూర్ణాంకాలకు సర్దేసేది, అందుకే గోడలు కదిలినట్టు, నేల అంచులు వణికినట్టు ఉండేవి. అప్పట్లో అది లోపం. ఇప్పుడు అదే పనిముట్టు: దూరంగా నిలబడింది మనిషో, చెట్టో తేలదు, మిగతాది మన బుర్రే పూరిస్తుంది. పైగా నా లాంటి లాప్‌టాప్ మీద కూడా ఆగకుండా నడుస్తాయి. మౌత్‌వాషింగ్ (2024) ఆ తీరులోనే ఉంటుంది. పాడైన అంతరిక్ష నౌకలో చిక్కుకున్న ఐదుగురి కథ. నన్ను వారం పాటు వదల్లేదు.

లోపాలూ ఉన్నాయి. ఒకటి బాగా ఆడిందంటే చాలు, అదే దారిని పెట్టి యాభై నకళ్లు దిగుతాయి. చెవి పగిలేలా అరుపు ఒకటి పెట్టి దాన్నే భయం అనుకునేవీ ఎక్కువే. మధ్యలో సేవ్ లేని గేమ్‌లు చాలా ఉంటాయి, మా వీధిలో గాలివాన రాత్రి కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోతే మొదటికి రావాల్సిందే. తెలుగు మాట అసలే లేదు. చీటీలు, డైరీలు చదివితేనే కథ నడిచే గేమ్‌లలో నా తమ్ముడికి ప్రతి కాగితం నేనే చెప్పాల్సి వచ్చేది, అంతలోకి ఊపు పోయేది.

ఫియర్స్ టు ఫాథమ్ అనే ఎపిసోడ్ల హారర్ గేమ్ చేసిన రేల్ మన దేశం డెవలపరే. మొదటి ఎపిసోడ్ హోమ్ అలోన్ (2021) ఉచితం, తప్పకుండా ఆడండి. అందులో కథలు మాత్రం పరాయి దేశపు ఇళ్లలో, రోడ్ల మీద జరుగుతాయి. కొండారెడ్డి బురుజు నుంచి తుంగభద్ర కింద గద్వాల దాకా సొరంగం ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నవాళ్లం మేం. చేతిలో లాంతరు, తల మీద నది, వెనక మూసుకున్న తలుపు. గంట గేమ్‌కు ఇంతకంటే ఏం కావాలి? ఎవరైనా పిల్లలు తెలుగులో చేస్తే మొదట కొనేది నేనే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొన్న రెండు వారాల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. గేమ్ నిడివే రెండు గంటల లోపైతే? పూర్తిగా ఆడేసి, బాగుందని రాసి మరీ డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లున్నారు. సమ్మర్ ఆఫ్ 58 అనే హారర్ గేమ్ చేసిన ఎమికా గేమ్స్ డెవలపర్ ఈ రిఫండ్ల దెబ్బకే గేమ్‌లు చేయడం ఆపుతున్నానని 2021లో ప్రకటించాడు. ఆ వార్త చదివి నాకు చాలా బాధేసింది. పని చేయకపోతే అడగండి, అది మీ హక్కు. చివరిదాకా ఆడి, నచ్చితే మాత్రం ఆ డబ్బు చేసినవాళ్లదే. చేతిలో డబ్బు లేకపోతే ఇచ్.ఐఓ అనే సైట్‌లో ఉచితంగానో, ఇష్టమైనంత ఇచ్చో తీసుకునేవి బోలెడు ఉంటాయి.

కొత్తవాళ్లు ఎగ్జిట్ 8తో మొదలుపెట్టండి, ఆ తర్వాత ఐరన్ లంగ్. హెడ్‌ఫోన్ లేకుండా ఐరన్ లంగ్ ఆడొద్దు, సగం గేమ్ శబ్దంలోనే ఉంది. మౌత్‌వాషింగ్ పిల్లలకు చూపించకండి. అందులో హింస, ఆత్మహత్య ప్రస్తావనలు ఉన్నాయి, పెద్దవాళ్లు కూడా మనసు బాగున్న రోజు చూసుకుని ఆడాలి.