కవయిత్రి గవర్నరు ఊరిలో ఆరువందల పెసోలు

మేము ఉద్యోగరీత్యా ఉంటున్న గ్వాదలహారాలోనే 1913లో పుట్టిన గ్రిసెల్దా ఆల్వారెస్ అనే కవయిత్రి, మెక్సికోలో ఒక రాష్ట్రానికి గవర్నరైన తొలి మహిళ అని తెలిసిన నాటినుంచి ఆమె పాలించిన కొలీమాను చూడాలని నాకు కోరికగా ఉండేది. అక్కడి గవర్నరు మనవారిలా నియమితులు కారు. ఎన్నికలలో గెలిచి, మన ముఖ్యమంత్రి చేసే పనులన్నీ చేస్తారు. నా భార్య, అత్తగారు, నేను బస్సులో బయలుదేరాము. తలకు 460 పెసోలు, మూడు గంటల ప్రయాణం, ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది అంతా లాడ్జిలో మొదలైంది. రాత్రికి 950 పెసోలు తీసుకున్న ఆ గుమాస్తా, గవర్నరమ్మ జీవితమంతా తెలిసినవాడంటూ ఒక గైడును అంటగట్టాడు. ఎనిమిది వందలు అడిగినవాడు బేరమాడితే ఆరువందలకు దిగాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. ఆమె 1985లో పదవిలోకి వచ్చిందని చెప్పాడు, నిజానికి అది ఆమె దిగిపోయిన సంవత్సరం. వచ్చినది 1979 నవంబరులో. మెక్సికో మహిళలకు పూర్తి ఓటు హక్కు దక్కింది 1953లోనని, అంటే ఆ హక్కు వచ్చిన ఇరవయ్యారేళ్లకే ఒక స్త్రీ ఆ కుర్చీ ఎక్కిందని నేనే అతనికి చెప్పవలసి వచ్చింది. ఆమె కవిత్వం సంగతి అడిగితే, పాటలు కూడా రాసేదని తేల్చేశాడు. సానెట్లలో, అంటే పద్నాలుగు పాదాల కవితలలో, చేయి తిరిగిన మనిషి గురించి మాట్లాడే తీరు అదేనా? చివరకు ఒక పాత ఇంటి గేటు ముందు నిలబెట్టి ఆమె ఇల్లన్నాడు. లోపలినుంచి వచ్చిన పెద్దాయన అది తమ తాతల నాటి ఇల్లని, ఆమెకు సంబంధం లేదని చెప్పాడు. నా భార్య ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

మరునాడు గైడు లేకుండా గవర్నరు భవనానికి వెళ్లాము. రుసుము అడగలేదు. హోర్హె చావెస్ కరియో గీసిన కుడ్యచిత్రాల కింద నిలబడి, ఈ రాష్ట్రపు తొలి గవర్నరు ఆమె ముత్తాత అని, 1857లో ఆయనను చంపేశారని, ఆమె తండ్రి కూడా 1919 నుంచి 1923 దాకా గవర్నరుగా ఉన్నాడని నేను చెబుతుంటే అత్తగారు శ్రద్ధగా విన్నారు. హింసకు గురైన స్త్రీల కోసం ఆమె హయాంలో, 1983లో, ఒక సహాయ కేంద్రం వెలిసిందని చెప్పినప్పుడు మాత్రం, "వంశం మాట అలా ఉంచండి, అది మంచి పని," అన్నారు.

బయట తోటలో తూబా అమ్ముతున్నారు, గ్లాసు 25 పెసోలు. కొబ్బరిచెట్టు గెల గీసి తీసిన తియ్యని నీరు, పైన వేరుసెనగ గింజలు; మనీలా ఓడలలో వచ్చిన ఫిలిప్పీన్సువారు నేర్పిన విద్య అది. కోనసీమలో పెరిగిన అత్తగారు ఒక గుక్క తాగి, "ఇది మన కొబ్బరి కల్లేనే తల్లీ, ఇంకా పులియలేదంతే," అని కూతురికి గ్లాసు అందించారు. నా భార్య మొదటిసారి నవ్వింది. కొలీమా వెళ్లేవారు లాడ్జివారు చూపించే గైడును దగ్గరకు రానివ్వకండి. ఆ డబ్బుతో ఇరవై నాలుగు గ్లాసుల తూబా వస్తుంది.

"గవర్నరమ్మ కూడా ఇది తాగేదా?" అని అత్తగారు అడిగారు. ఆ గైడు పక్కనుంటే, రోజూ తానే పోసి ఇచ్చేవాడినని ఒట్టు పెట్టి చెప్పేవాడు.